మూత్రపిండ కణాల ఆత్మరక్షణ

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి, కామవరపుకోట)

మన శరీరాన్ని రోగక్రిముల బారి నుండి కాపాడే సైన్యం అనగానే అందరికీ గుర్తొచ్చేవి తెల్ల రక్తకణాలు, ప్రతిరక్షకాలు. ఇంటర్మీడియట్ దాకా మనం చదువుకున్నదీ అదే. కాని రక్తరసిలో వీటికి తోడుగా ఇంకో దళం ఉంది. దాని పేరు కాంప్లిమెంట్. తెలుగులో సంపూరకం అని అనువదించినవాళ్ళున్నారు గాని, నోరు తిరగడానికి బరువుగా ఉంది గనుక ఈ వ్యాసంలో కాంప్లిమెంట్ అనే వాడతాను. ఇది ఒక్క పదార్థం కాదు, ముప్ఫైకి పైగా ప్రోటీన్ల సముదాయం. చాలాభాగం కాలేయంలో తయారై రక్తంలో తిరుగుతూ ఉంటుంది. బాక్టీరియా మీద పడి, దాని పొరకి చిల్లులు పొడిచి చంపడం దీని పని. చిక్కేమిటంటే, ఈ యంత్రానికి తనవాడెవరో పరాయివాడెవరో చూసే కన్ను లేదు. మరి రాత్రింబగళ్ళు ఆ రక్తంలోనే నానుతూ ఉండే మన సొంత కణాలు ఎలా బ్రతికి బట్టకడుతున్నాయి? ముఖ్యంగా మూత్రపిండాల మాటేమిటి? నాకు తెలిసినంతలో వివరించడానికి ప్రయత్నిస్తాను.

ముందు కొంచెం చరిత్ర. 1890ల్లో బెల్జియం శాస్త్రజ్ఞుడు జూల్స్ బోర్డే ఒక చిన్న ప్రయోగం చేశాడు. రోగనిరోధక శక్తి వచ్చిన జంతువు రక్తరసి బాక్టీరియాని చంపుతుంది. ఆ రసిని సుమారు 55 డిగ్రీల సెంటీగ్రేడ్ దాకా వేడిచేస్తే ఆ శక్తి పోతుంది. అలా చచ్చుబడిన రసిలో, ఏ రోగమూ ఎరగని మామూలు జంతువు తాజా రసి కొంచెం కలిపితే పోయిన శక్తి తిరిగి వస్తుంది! అంటే చంపడానికి రెండు వస్తువులు కావాలన్నమాట. ఒకటి వేడికి ఆగే ప్రతిరక్షకం, రెండోది వేడికి చెడిపోయే మరేదో. ఆ రెండోదానికే పాల్ ఎర్లిక్ కాంప్లిమెంట్ అని పేరు పెట్టాడు. బోర్డేకి 1919 నోబెల్ బహుమతి వచ్చింది.

ప్రతిరక్షకం చూపించిన చోటే కాంప్లిమెంట్ కాటు వేస్తుందని చాలాకాలం అనుకున్నారు. 1954లో అమెరికాలో లూయీ పిలెమర్ అనే ఆయన, ప్రతిరక్షకం అక్కర లేకుండానే ఇది పని మొదలుపెట్టగలదని చెబితే చాలామంది నమ్మలేదు. ఆయన 1957లో పోయాడు. ఆయన చెప్పింది నిజమేనని తరవాత తేలింది. సైన్సు చరిత్రలో ఇలాంటివి చదివినప్పుడు మనసు చివుక్కుమంటుంది.

పిలెమర్ కనిపెట్టిన ఆ దారే మన విషయానికి కీలకం. కాంప్లిమెంట్ ప్రోటీన్లలో నడిమి స్తంభం సి3. రక్తంలో డెసిలీటరుకి సుమారు 90 నుండి 180 మిల్లీగ్రాములు ఉంటుంది. ఇది ఎవరూ ముట్టుకోకపోయినా తనంతట తానే కొద్దికొద్దిగా చిట్లుతూ ఉంటుంది. చిట్లినప్పుడు వచ్చే సి3బి అనే ముక్కకి ఒక అంటుకునే కొక్కెం బయటపడుతుంది. ఆ కొక్కెం సెకనులో అతి స్వల్ప భాగం మాత్రమే చురుకుగా ఉంటుంది. ఆలోగా దగ్గర్లో ఏ పొర దొరికితే దానికి తగులుకుంటుంది. బాక్టీరియా అయినా ఒకటే, మన కణం అయినా ఒకటే. తగులుకున్నాక ఫాక్టర్ బి, ఫాక్టర్ డి అనే మరో రెంటిని కలుపుకుని కత్తెరగా మారి, ఇంకా ఇంకా సి3ని కోస్తుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ఆ తరవాత సి5 తెగుతుంది. సి5బి వెంట సి6, సి7, సి8, చివరికి పదీ పదిహేను పైచిలుకు సి9లు వచ్చి గుండ్రంగా చేరి పొరలో గొట్టంలా దిగుతాయి. నీళ్ళు, లవణాలు లోపలికి జొరబడి కణం ఉబ్బి పగులుతుంది.

మా మెట్ట ప్రాంతంలో అడవి పందుల కోసం మొక్కజొన్న చేను చుట్టూ కరెంటు తీగ లాగడం, చీకట్లో అదే తీగ తగిలి రైతే పోవడం పేపర్లో చదువుతూనే ఉంటాం. ఆ తీగ కట్టడం నేరం కూడా. మన రక్తంలో ఉన్నది అచ్చం అలాంటి తీగ, పైగా దానికి స్విచ్ లేదు. అది ఆగదు గనుక, తగిలినా చావకుండా ఉండే ఉపాయం కణమే చూసుకోవాలి.

ఈ ఉపాయం ఎలాంటిదో వ్యవసాయం తెలిసినవాళ్ళకి చెప్పడం తేలిక. వెదజల్లిన వరిలో ఊద మొలిస్తే బిస్‌పైరిబాక్ సోడియం పిచికారీ చేస్తాం. మందు ఊద మీదా పడుతుంది, వరి మీదా పడుతుంది. ఊద పచ్చబడి చస్తుంది. వరి నాలుగు రోజులు వెలవెలబోయి మళ్ళీ తేరుకుంటుంది. మందుకి వరి మీద దయ ఉండి కాదు. వరి మొక్క లోపల ఆ మందుని త్వరగా విరగ్గొట్టే ఎంజైములున్నాయి, అంతే. కాంప్లిమెంట్ విషయంలోనూ తేడా మందులో లేదు, మొక్కలో ఉంది. బాక్టీరియాకి సి3బిని విరగ్గొట్టే సాధనం సాధారణంగా ఉండదు. మన కణానికి ఉంటుంది.

మూత్రపిండానికి ఈ ప్రమాదం మిగతా అవయవాల కన్నా ఎందుకు ఎక్కువ? నిమిషానికి లీటరుకి పైగా రక్తం రెండు మూత్రపిండాల గుండా పోతుంది. ఒక్కోదానిలో సుమారు పది లక్షల నెఫ్రాన్లు, ప్రతి నెఫ్రాన్ మొదట్లో ఒక రక్తకేశనాళికా గుచ్ఛం. రోజుకి సుమారు 180 లీటర్ల ద్రవం అక్కడ వడపోత అవుతుంది. ఆ జల్లెడ మూడు వరుసలు. రక్తం వైపు కిటికీల్లాంటి రంధ్రాలున్న పలచని కణాల పొర. దాని వెనక కణమే లేని ఆధారత్వచం. దాని బయట పాదాల్లాంటి కొసలతో అల్లుకున్న పోడోసైట్లు. కిటికీలు తెరిచే ఉంటాయి కాబట్టి రక్తంలో కాంప్లిమెంట్ నేరుగా ఆధారత్వచాన్ని తాకుతుంది. పైగా వడపోత అంటేనే వ్యర్థాలు పోగయ్యే చోటు. ప్రతిరక్షకాలు క్రిముల ముక్కలతో కలిసి ముద్దలై అక్కడే చిక్కుకుంటాయి. కొల్లేరు నుంచి ఉప్పుటేరులోకి పోయే నీళ్ళకి గుర్రపుడెక్క అడ్డం పడ్డట్టు. ముద్ద చిక్కిన చోట కాంప్లిమెంట్ రగులుకుంటుంది.

ఇక డాళ్ళ సంగతి. కణత్వచం మీద నాటుకుని ఉండే కాపలా ప్రోటీన్లు ముఖ్యంగా నాలుగు. వీటి పేర్లన్నీ పొడి అంకెలే, చదివేవారు విసుక్కోవద్దు. మొదటిది సిడి55. పొర మీద తయారైన కత్తెరని రెండుగా ఊడదీస్తుంది. ఆ కత్తెర ఎలాగూ నిమిషంన్నర కన్నా ఎక్కువ నిలవదు. సిడి55 తగిలితే ఆ మాత్రం కూడా ఉండదు. రెండోది సిడి46. ఇది తనంత తాను కొయ్యదు. రక్తంలో తిరిగే ఫాక్టర్ ఐ అనే ఎంజైముకి సి3బిని పట్టి ఇస్తుంది, అది ముక్కలు చేస్తుంది. ఒకసారి అలా ముక్కలైన సి3బి మళ్ళీ కత్తెర కాలేదు. మూడోది సిడి35. ఇది పై రెండు పనులూ చేస్తుంది. నాలుగోది సిడి59. అన్నీ దాటుకుని సి8 దాకా వచ్చేసిన దెబ్బని చివరి క్షణంలో ఆపుతుంది. సి9లు వలయంగా చేరకుండా అడ్డుపడుతుంది.

వీటిలో సిడి35 కథ నాకు బాగా నచ్చింది. మనిషి మూత్రపిండపు గుచ్ఛంలో సి3బిని పట్టుకునే గ్రాహకం ఉందని 1975లో అమెరికా శాస్త్రజ్ఞులు చూపించారు. అది ఉన్నది పోడోసైట్ల మీద. లూపస్ వ్యాధి మూత్రపిండాలకి తీవ్రంగా సోకినవారిలో ఆ గ్రాహకం పోడోసైట్ల మీద కనబడకుండా పోతుంది. పోడోసైట్లు చచ్చిపోతే వాటి స్థానంలో కొత్తవి పుట్టడం దాదాపు లేదు. అందుకే కాబోలు, నాలుగు డాళ్ళూ ఒకేచోట మోసుకు తిరుగుతాయి.

డాలు లేనిది ఆధారత్వచం. అది కణం కాదు, అల్లిన చాప లాంటిది. దానిమీద సిడి55 గాని సిడి46 గాని నాటుకోవడానికి వీల్లేదు. దాని రక్షణ అంతా అరువు రక్షణ. రక్తంలో ఫాక్టర్ హెచ్ అనే పొడుగాటి ప్రోటీను ఉంది. ఇరవై పూసలు గుచ్చిన దండ లాగుంటుంది. మొదటి నాలుగు పూసలు సి3బిని అణిచే పని చేస్తాయి. చివరి రెండు పూసలు, 19, 20, మన కణాల మీదా ఆధారత్వచం మీదా ఉండే సయాలిక్ ఆమ్లం, హెపరాన్ వంటి చక్కెర గొలుసుల్ని గుర్తుపట్టి అక్కడ వాలతాయి. చాలా బాక్టీరియాల మీద ఆ చక్కెరలు ఉండవు. కాబట్టి కాంప్లిమెంట్‌కి కన్ను లేదని మొదట్లో అన్నాను గదా, ఆ కన్ను ఏదైనా ఉంటే అది ఫాక్టర్ హెచ్ తోకలో ఉంది.

దొంగలు కూడా ఈ సంగతి కనిపెట్టారు! గొంతునొప్పి, చర్మం మీద చీముకురుపులు తెచ్చే స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా ఉంది. దాని ఒంటి మీద ఎం ప్రోటీన్ అనేది ఒకటి, మన ఫాక్టర్ హెచ్‌ని పట్టుకుని కప్పుకుంటుంది. కళ్ళంలో దొంగ, ఆసామి కండువా వేసుకుని తిరిగినట్టు.

ఈ బాక్టీరియా పేరెత్తాను గనుక మా ఇంట్లో జరిగింది చెప్పాలి. మా బాబాయి కొడుకు, ఏడేళ్ళవాడు. వానాకాలంలో కాళ్ళకి గజ్జి పట్టి గోకి గోకి పుళ్ళు చేసుకున్నాడు. అవి మానాయి. మూడు వారాలు పోయాక ఒకరోజు పొద్దున్నే మొహం, కళ్ళ కింద ఉబ్బి లేచాడు. మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ళు నీరు పట్టిందని, పసరు పోయిద్దామన్నారు. మా పిన్ని ఒప్పుకోక ఏలూరు తీసుకువెళ్ళింది. డాక్టరు గారు రక్తపోటు ఎక్కువుందని ఉప్పు మాన్పించి మందులిచ్చారు, రక్తంలో సి3 పరీక్ష రాశారు. 38 వచ్చింది. ఉండాల్సింది 90కి పైన. పుళ్ళు వేసిన క్రిమి ముక్కలు, ప్రతిరక్షకాలు గుచ్ఛాల్లో చిక్కుకుని కాంప్లిమెంట్‌ని రగిలించాయి, అందుకే రక్తంలో సి3 ఖర్చయిపోయింది.

పది రోజుల్లో వాపు తగ్గింది, కుర్రాడు గోళీలాటకి పోయాడు. డాక్టరు గారు ఎనిమిది వారాల తరవాత సి3 మళ్ళీ చూడాలని చీటీ రాసిచ్చారు. ఆ వారం వరి కోతలు. బాబాయి నా మీద విసుక్కున్నాడు: "ఒరేయ్, కుర్రాడు గంతులేస్తుంటే మళ్ళీ రక్తం తీయించడం దేనికిరా? కూలోళ్ళు దొరక్క నేను చస్తుంటే."

అప్పుడు నేను చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. స్ట్రెప్టోకాకస్ వల్ల వచ్చిన మూత్రపిండ వాపు పిల్లల్లో చాలామందికి పూర్తిగా నయమవుతుంది. క్రిమి పోయింది, ముద్దలు కరిగాయి, పొర మీద డాళ్ళు, ఫాక్టర్ హెచ్ కలిసి మంట ఆర్పేశాయి. కాలేయం కొత్త సి3 పోసింది. ఆరు నుండి ఎనిమిది వారాల్లో అంకె మామూలుకి వస్తుంది. రాలేదంటే క్రిమి వెళ్ళిపోయినా మంట ఆరలేదని అర్థం. ఆర్పే ప్రోటీన్లలోనే ఏదో లోపముందేమోనని అనుమానించాలి. సి3 గ్లోమెరులోపతి అనే జబ్బు పైకి ఇలాగే కనబడి, వాపు తగ్గాక కూడా లోలోపల జల్లెడని తినేస్తూ, కొన్నేళ్ళకి డయాలసిస్ దాకా తీసుకుపోవచ్చు. రెండూ మొదటిరోజు ఒకేలా ఉంటాయి. వాటిని విడదీసేది ఆ రెండో పరీక్షే. బాబాయి గొణుక్కుంటూనే బస్సెక్కాడు. 112 వచ్చింది.

గ్రామాల్లో గజ్జిని ఒక జబ్బుగా ఎవరూ చూడరు. హాస్టళ్ళలో అయితే మరీను. గజ్జికి పెర్మెత్రిన్ పూత ఇంటిల్లిపాదీ ఒకేసారి రాసుకుని, బట్టలు ఉతికి ఎండలో వేసుకుంటే తగ్గిపోయేది. పుళ్ళు పడితే మటుకు డాక్టరుకి చూపించాలి.

ఇంకోమాట. మూత్రపిండాల జబ్బు అనగానే మన రాష్ట్రంలో అందరికీ శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గుర్తొస్తుంది. మాకు దగ్గర్లో ఎ.కొండూరు తండాలూ గుర్తొస్తాయి. ఉద్దానం జబ్బు ప్రధానంగా వృక్కనాళికలది, గుచ్ఛాలది కాదు. దాని కారణం మీద పరిశోధనలు ఇంకా జరుగుతున్నాయి. కాంప్లిమెంటే దానికి కారణమని ఈ వ్యాసం చదివి ఎవరూ అనుకోకూడదు.

అయితే నాళికలకీ కాంప్లిమెంట్‌కీ సంబంధం లేకపోలేదు. నాళిక కణానికి రెండు ముఖాలు. రక్తం వైపు ముఖాన సిడి46 దట్టంగా ఉంటుంది. మూత్రం వైపు ముఖాన డాళ్ళు పలచన. ఆరోగ్యంగా ఉన్నప్పుడు కాంప్లిమెంట్ ప్రోటీన్లు జల్లెడ దాటి అటు రావు గనుక ఆ వైపు కాపలా అక్కర్లేదు. జల్లెడ చిరిగి మూత్రంలో ప్రోటీన్లు పోవడం మొదలైతే వాటితోపాటే కాంప్లిమెంట్ కూడా కారి, వీధి తలుపు గట్టిగా వేసుకుని పెరటి తలుపు తీసి పెట్టిన ఇంట్లోకి వచ్చినట్టు వచ్చేస్తుంది. దీనికి తోడు నాళికలు తయారుచేసే అమ్మోనియా సి3ని రెచ్చగొడుతుందని 1985లో ఎలుకల మీద చూపించారు. ఆ ఎలుకలకి సోడియం బైకార్బొనేట్ ఇస్తే నష్టం తగ్గింది. ఇది చదివి ఎవరూ ఇంట్లో తినే సోడా కలుపుకు తాగొద్దు. అందులో ఉన్న సోడియం రక్తపోటు ఉన్నవాడికి చెరుపు.

పోడోసైట్ దగ్గరికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే అసలు వింత అక్కడుంది. నాలుగు డాళ్ళూ దాటి చిల్లు పడిపోతే ఏమవుతుంది? ఎర్ర రక్తకణానికి ఒక్క చిల్లు చాలు, పగిలిపోతుంది. కేంద్రకం ఉన్న కణం అంత తేలిగ్గా చావదు. చిల్లు గుండా కాల్షియం లోపలికి దూకగానే కణం మేలుకుని, చిల్లు పడ్డ పొర భాగాన్ని లోపలికి మింగేస్తుంది, లేదా చిన్న బుడగలా చేసి బయటికి విసిరేస్తుంది. పోడోసైట్ ఆ గొట్టాల్ని ఆధారత్వచం వైపు నుండి మోసుకొచ్చి మూత్రం వైపు పారబోస్తుంది. మెంబ్రేనస్ నెఫ్రోపతి అనే జబ్బులో ఆ సి5బి-9 ముక్కలు మూత్రంలో దొరుకుతాయి. అంటే కణం చావలేదు, కాని దాని పాదాల అల్లిక చెదిరి ప్రోటీన్లు కారిపోతాయి. చావకుండా బ్రతకడం వేరు, పని చేయగలగడం వేరు.

ఈ జబ్బుకి ఎలుకల్లో నమూనా 1959లో వాల్టర్ హైమన్ తయారుచేశాడు. ఇందులో నష్టం చేసేది కాంప్లిమెంటే అని 1980లో రుజువు చేయడానికి వాడిన వస్తువు ఏమిటో తెలుసా? త్రాచుపాము విషం! త్రాచు విషంలో సి3బిని పోలిన ఒక ప్రోటీన్ ఉంది. అది మన ఫాక్టర్ బితో కలిసి కత్తెర అవుతుంది. మన సొంత కత్తెర నిమిషంన్నరలో ఊడితే, ఇది కొన్ని గంటలపాటు ఊడదు. ఫాక్టర్ హెచ్ దాన్ని ఏమీ చేయలేదు. రక్తంలో ఉన్న సి3 అంతా కోసి ఖాళీ చేసేస్తుంది. విషం నుంచి ఆ ఒక్క ప్రోటీన్‌ని వేరుచేసి ఎలుకలకి ఎక్కించారు. కాంప్లిమెంట్ ఖర్చయిపోయిన ఎలుకల మూత్రంలో ప్రోటీన్ పోలేదు. త్రాచు కాటులో మనిషిని చంపేది ఈ ప్రోటీన్ కాదు, నరాల మీద పనిచేసే వేరే విషం. మూత్రపిండాల్ని చెడగొట్టడంలో మన చేలల్లో పేరుమోసింది రక్తపింజర. ఏది కరిచినా పెద్దాసుపత్రికే పోవాలి.

డాళ్ళు పుట్టుకతోనే లోపించినవారి సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తికాదు. రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోయి, ఎర్రకణాలు చిరిగి, మూత్రపిండాలు హఠాత్తుగా ఆగిపోయే హీమోలిటిక్ యురీమిక్ సిండ్రోమ్ అనే జబ్బుంది. దానిలో ఒక రకానికి ఫాక్టర్ హెచ్ జన్యులోపం కారణమని 1998లో ఇంగ్లండులో తేల్చారు. లోపాలు ఎక్కువగా ఎక్కడున్నాయనుకున్నారు? చివరి పూసల్లో! అణిచే చెయ్యి బాగానే ఉంది, వాలే తోక చెడింది. సిడి46 లోపం వల్ల కూడా ఈ జబ్బు వస్తుందని 2003లో తెలిసింది. మన దేశపు పిల్లల్లో మాత్రం కథ వేరు. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు దేశమంతటి నుంచి సేకరించిన కేసుల్లో సగానికి పైగా పిల్లలకి ఫాక్టర్ హెచ్ బాగానే ఉంది, కాని దానిమీదే వాళ్ళ శరీరం ప్రతిరక్షకాలు తయారుచేసింది. కంచే చేను మేయడం కాదిది, కంచెకి కాపలా ఉన్నవాణ్ణి కట్టేసి మేయడం. ఇది దురదృష్టంలో అదృష్టం కూడా. జన్యువుని మార్చలేం గాని ప్రతిరక్షకాన్ని తీసేయొచ్చు. ప్లాస్మా మార్పిడి, స్టెరాయిడ్లు వంటివి తొందరగా మొదలుపెడితే చాలామంది పిల్లల మూత్రపిండాలు దక్కుతున్నాయి. ఆలస్యమైతే దక్కవు.

సి5ని ఆపే ఎకులిజుమాబ్ అనే మందు అమెరికాలో 2011లో ఈ జబ్బుకి ఆమోదం పొందింది. దాని ఖరీదు చెబితే మా ఊళ్ళో నమ్మరు. ఎకరాల లెక్కన పొలం అమ్మినా ఏడాదికి చాలదు. ఫాక్టర్ బిని ఆపే ఇప్టకోపాన్ అనే నోటిమాత 2025లో సి3 గ్లోమెరులోపతికి ఆమోదం పొందింది. 2024 మార్చిలో అమెరికాలోని బోస్టన్‌లో 62 ఏళ్ళ మనిషికి పంది మూత్రపిండం అమర్చారు. మామూలు పంది మూత్రపిండమైతే మనిషి కాంప్లిమెంట్ దాన్ని నిమిషాల్లోనో గంటల్లోనో నల్లబరిచేది. ఆ పందికి పుట్టుకకి ముందే మనిషి జన్యువులు ఏడు పెట్టారు. వాటిలో రెండు సిడి46, సిడి55. ఆ మూత్రపిండం రక్తం తగలగానే గులాబీ రంగుకి తిరిగి, ఆపరేషను బల్ల మీదే మూత్రం పోయడం మొదలుపెట్టింది. ఆయన రెండు నెలల తరవాత పోయాడు గాని, దానికి మూత్రపిండం కారణమన్న సూచన లేదని ఆసుపత్రి ప్రకటించింది.